చీనీ కాయకు సన్న రంధ్రం, లోపల పురుగు లేదు: దీని గుడ్డు ఎక్కడ, పిల్ల ఎక్కడ?

ప్రశ్న (నార్పల మండలం, అనంతపురం జిల్లా)

అందరికీ నమస్కారం. మాకు నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. రంగపూరు నిమ్మ వేరుమూలం మీద అంటు కట్టిన సాత్‌గుడి చెట్లు, నాటి తొమ్మిదేండ్లు అయింది. ఈ యేడు పూత బాగా నిలిచి, కాయ సైజు కూడా ఆశించినట్టే వచ్చింది. అయితే కాయ పచ్చదనం వదిలి రంగు తిరగడం మొదలైన నాటి నుంచి, అంటే సుమారు పదిహేను రోజులుగా, ప్రతిరోజూ తెల్లవారేసరికి చెట్ల కింద కాయలు రాలి ఉంటున్నాయి. రాలిన కాయను చేతిలోకి తీసుకుని చూస్తే గుండుసూది గుచ్చినంత రంధ్రం ఒకటి, దాని చుట్టూ మెత్తబడిన గోధుమరంగు మచ్చ కనిపిస్తున్నాయి. మచ్చ మీద వేలితో నొక్కితే ఆ రంధ్రం నుంచి రసం చిమ్ముతోంది. కాయను నిలువునా కోసి చూస్తే లోపల పురుగు గాని, గుడ్డు గాని కనిపించడం లేదు.

మందుల దుకాణంలో ఇచ్చిన మందును పది రోజుల వ్యవధిలో రెండుసార్లు పిచికారి చేయించాను. రాలడం ఒక్కరోజు కూడా తగ్గలేదు. ఆకుల అడుగున, కొమ్మల సందుల్లో, బెరడు పగుళ్లలో, చివరికి పాదుల్లో మట్టి తవ్వి కూడా వెతికాను. ఒక్క గొంగళి పురుగు దొరకలేదు. పక్క తోట పెద్దాయన ఇది రెక్కల పురుగు పని అని చెప్పారు. రెక్కల పురుగే అయితే దాని గుడ్డు, పిల్ల తోటలో ఎక్కడో ఒకచోట ఉండాలి కదా! అవి ఎక్కడ ఉంటాయి, ఎన్నాళ్లు ఉంటాయి, ఏ దశలో దాన్ని అడ్డుకోగలం అన్నది తెలిసినవారు వివరంగా రాయమని వేడుకుంటున్నాను. కోతకు ఇంకా మూడు వారాల సమయం ఉంది.

మొదటి జవాబు (విశ్రాంత ఉద్యాన అధ్యాపకుడు, కడప)

అయ్యా, మీ పక్క తోట పెద్దాయన చెప్పింది నిజం. మీ తోటలో తిరుగుతున్నది పండ్ల రసం పీల్చే రెక్కల పురుగు. మీరు అంత శ్రద్ధగా వెతికినా పిల్ల పురుగు దొరకకపోవడానికి కారణం మీ వెతుకులాటలో లోపం కాదు. ఈ పురుగు గుడ్డు చీనీ చెట్టు మీద పెట్టదు, దీని పిల్ల చీనీ ఆకు ముట్టదు, కోశస్థ దశ (పిల్ల తినడం మాని, కోశంలో ముడుచుకుని రెక్కల పురుగుగా మారే దశ) కూడా చీనీ పాదులో గడవదు. దీని బాల్యమంతా మీ కంచె మీద, గట్టు మీద, వంక ఒడ్డున ఉన్న కంపచెట్ల మీద అల్లుకున్న తీగల్లో జరుగుతుంది. పూర్తిగా రెక్కలు వచ్చాక మాత్రమే, అదీ రాత్రి పూట మాత్రమే, పండు కోసం తోటలోకి వస్తుంది.

మనకు అలవాటైన పురుగులలో చాలావాటికి నష్టం చేసేది గొంగళి దశ, రెక్కల పురుగు పూల తేనె తాగి బతికే సాధు ప్రాణి. నిమ్మజాతి చెట్ల మీద తిరిగే నల్లని సీతాకోకచిలుకనే తీసుకుంటే, దాని పిల్ల లేత చివుళ్లను తినేస్తుంది గాని రెక్కలు వచ్చాక అది కాయకు ఏ హానీ చేయదు. పండ్ల రసం పీల్చే పురుగులో ఈ లెక్క తలకిందులైంది. గొంగళి దశ వల్ల రైతుకు దమ్మిడీ నష్టం లేదు, నష్టమంతా రెక్కల పురుగుతోనే. అందుకే ఆకుల మీద పురుగు కోసం వెతికే అలవాటున్న మనం దీని దగ్గర మోసపోతాము.

మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించేవి యూడోసిమా మెటర్నా, యూడోసిమా ఫలోనియా అనే రెండు జాతులు. పాత పుస్తకాలలో వీటిని ఒథ్రీస్ అనే పేరుతో రాసేవారు. రెక్కలు చాపితే ఈ చివర నుంచి ఆ చివరకు 8 నుంచి 10 సెంటీమీటర్ల దాకా ఉండే పెద్ద పురుగులు ఇవి. ముందు రెక్కలు ఎండుటాకు రంగులో ఉండటం వల్ల పగలు కొమ్మకో, చెత్తకో ఆనుకుని ముడుచుకుంటే పక్కనే నిలబడినా కనిపించవు. రెక్క విప్పితే మాత్రం వెనుక రెక్కలు పండు నారింజ రంగులో మెరుస్తాయి. ఆ నారింజ రంగు మధ్యలో గుండ్రని నల్లచుక్క ఉంటే అది మెటర్నా. చుక్కకు బదులు వంపు తిరిగిన మందపాటి నల్లపట్టీ ఉంటే అది ఫలోనియా.

ఇక పుట్టుక విషయానికి వద్దాము. తల్లి పురుగు తిప్పతీగ కుటుంబానికి చెందిన తీగలను వెతుక్కుని, వాటి ఆకుల అడుగున గుడ్లు పెడుతుంది. మన సీమలో ఈ కుటుంబం నుంచి విరివిగా దొరికేవి రెండు: ఒకటి తిప్పతీగ, రెండోది దూసరతీగ. తిప్పతీగను గుర్తుపట్టడం తేలిక. హృదయాకారపు నున్నని ఆకులు, కాగితంలా లేచిపోయే పలుచని బెరడు, వేపచెట్ల మీద నుంచి దారాల్లా నేలకు వేలాడే ఊడలు దాని గుర్తులు. దూసరతీగ అంతకంటే సన్నది, ఆకు మీద మెత్తని నూగు ఉంటుంది. సందేహం ఉంటే గుప్పెడు ఆకు నలిపి పసరును గిన్నెడు నీళ్లలో పిండి కాసేపు కదపకుండా ఉంచండి. నీళ్లు ఆకుపచ్చని గడ్డలా పేరుకుంటే అది దూసరే. మా చిన్నతనంలో పశువులు కాసుకుంటూ ఆడిన ఆట అది, ఇవాళ తోట కాపాడుకోవడానికి పనికొస్తోంది.

గుండ్రంగా, లేత పసుపు ఆకుపచ్చ కలిసిన రంగులో ఉండే గుడ్డు మూడు నాలుగు రోజుల్లో పొదుగుతుంది. బయటికి వచ్చిన పిల్ల ఆ తీగ ఆకులనే తింటూ, నాలుగుసార్లు కుబుసం విడిచి ఐదు దశలుగా ఎదుగుతుంది. ఇందుకు రెండు నుంచి మూడు వారాలు పడుతుంది. ఎదిగిన పిల్లను ఒకసారి చూస్తే జీవితంలో మరచిపోరు. పట్టులా నున్నని నల్లని లేదా ముదురు గోధుమరంగు ఒళ్లు, దానికి ఇరుపక్కలా తెలుపు పసుపు వలయాలతో కళ్లలా కనిపించే రెండేసి మచ్చలు ఉంటాయి. ఆమదపు చేలో దాసరి పురుగులాగే నడుము పైకి వంచి నడుస్తుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు తల కిందికి ముడిచి, తోక భాగం పైకెత్తి కూర్చుంటుంది. పిట్టలను బెదరగొట్టేందుకే ఆ దొంగ కళ్లు. ఎదుగుదల పూర్తయ్యాక అదే తీగ ఆకులను రెండు మూడింటిని పట్టుదారాలతో దగ్గరకు కుట్టి, వాటి మధ్య కోశస్థ దశకు చేరుతుంది. పది రోజులు మొదలుకొని రెండు వారాలు గడిచాక రెక్కల పురుగు బయటికి వస్తుంది. అంటే గుడ్డు నుంచి రెక్కల దాకా మొత్తం కాలం సుమారుగా నాలుగు నుంచి అయిదున్నర వారాలు.

ఈ లెక్కను మన వానల లెక్క పక్కన పెట్టి చూడండి. ఎండాకాలమంతా మోడుల్లా ఉన్న తీగలు జూన్, జూలై వానలకు చిగురిస్తాయి. ఆ కొత్త ఆకు మీద మొదటి తరం పెరుగుతుంది. ఆగస్టు వచ్చేసరికి అది గుడ్లు పెట్టి రెండో తరాన్ని మొదలుపెడుతుంది. మీ చీనీ కాయ ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా రంగు తిరిగే సమయానికి తోట చుట్టూ రెక్కల పురుగుల సంఖ్య బాగా పెరిగి ఉంటుంది. వానలు బాగా పడి కంచెలు పచ్చగా ఉన్న యేడు ఈ బెడద ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

కాయకు జరిగే నష్టం గురించి ఒక్క మాట. ఈ పురుగు తొండం సీతాకోకచిలుక తొండంలా మెత్తని గొట్టం కాదు. దాని కొన గట్టిపడి, వెనక్కి వంగిన ముళ్లతో ఉంటుంది. తొక్కను రంపంలా కోసుకుంటూ లోపలికి దించి రసం పీలుస్తుంది. అది తాగే రసం కొద్దే, కాయను పాడుచేసేది ఆ రంధ్రం గుండా చేరే బూజు, బాక్టీరియా. అందుకే గుచ్చిన రాత్రి కాయ బాగానే ఉన్నట్టు కనిపించి, కొద్ది రోజుల్లో మెత్తబడి రాలుతుంది. ఇవాళ రాలిన కాయను గుచ్చింది నిన్న వచ్చిన పురుగు కాకపోవచ్చు. పిచికారి చేసిన మరుసటి రోజు కూడా కాయ రాలడాన్ని ఈ కోణంలో కూడా చూడాలి. అయితే ఆకు తినని, చెట్టు మీద కాపురం ఉండని, రాత్రి వచ్చి గుచ్చి వెళ్లిపోయే ప్రాణికి ఆకు మీద చల్లిన మందు ఎలాగూ సరిగా తగలదు.

రెండో జవాబు (చీనీ రైతు, లింగాల మండలం, కడప జిల్లా)

అన్నా, సారు శాస్త్రం చెప్పినారు, నేను మా తోటలో చూసినది రాస్తాను. పొద్దు గూకిన గంటకు, ఎనిమిది ప్రాంతంలో, టార్చి లైటు తీసుకుని తోటలోకి వెళ్లండి. వెలుతురు కాయల మీదికి వేస్తే నిప్పు రవ్వల్లా ఎర్రగా మెరిసే కళ్లు కనిపిస్తాయి. అవే ఇవి. అర్ధరాత్రి లోపలే ఎక్కువగా వస్తాయి. రసం పీల్చడంలో మునిగి ఉన్నప్పుడు దగ్గరకు పోయినా వెంటనే లేవవు కాబట్టి చిన్న వలతో పట్టి చంపవచ్చు. మేము ఇద్దరం అన్నదమ్ములం రెండు వారాల పాటు రోజూ రెండు గంటలు తిరిగినాము. శ్రమే, కాదనను. కానీ ఎన్ని ఉన్నాయో, తోటలో ఏ వైపు నుంచి వస్తున్నాయో మాకు కళ్లారా తెలిసింది అప్పుడే. మా తోటలో గుట్ట వైపు నాలుగు వరుసలకే సగానికి పైగా నష్టం జరిగింది.

కోతకు మూడు వారాలే ఉన్నందున ఇప్పుడు మీరు చేయదగినవి చెబుతాను. ముందుగా, రాలిన కాయను ఒక్కపూట కూడా చెట్టు కింద ఉంచకండి. కుళ్లిన కాయ వాసనకే మరిన్ని పురుగులు వస్తాయి. ఏరి రెండడుగుల గుంతలో పూడ్చండి, గట్టు మీద పారవేస్తే ఏరినా ఏరకపోయినా ఒకటే. పొద్దు గూకగానే గాలి వచ్చే వైపున పచ్చి గడ్డి, వేపాకు కలిపి పొగ పెట్టండి. పొగ తోటంతా పరుచుకున్న రాత్రి మా తోటకు పురుగు తక్కువగా వచ్చింది, గాలి మారిన రాత్రి మళ్లీ వచ్చింది. వెడల్పు మూతి పాత్రల్లో బెల్లం నీళ్లు, కొద్దిగా చీనీ రసం కలిపి, లీటరుకు 1 మిల్లీలీటరు మలాథియాన్ పోసి చెట్లకు వేలాడదీసే విషపు ఎర కూడా ఉంది. పిల్లలకు, పశువులకు అందకుండా కట్టాలి. దీని మీద నా అనుభవం ఏమంటే, కాయ రంగు తిరగక ముందే ఎర కడితే పురుగు దానికి వస్తుంది, తోటంతా పండు వాసన వేస్తున్నప్పుడు కడితే ఎరను లక్ష్యపెట్టదు. మీకు ఇప్పటికే ఆలస్యమైంది గనుక దీని మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

తొందరపడి పచ్చి కాయ కోసేయాలన్న ఆలోచన కూడా చేయకండి. మామిడిలా మాగబెడితే తీపెక్కే కాయ కాదు చీనీ. చెట్టు మీద ఎంత తీపి పట్టిందో అంతే.

మూడో జవాబు (ఉద్యాన పట్టభద్రురాలు, కర్నూలు జిల్లా)

అన్నగారూ, నమస్కారం. పై ఇద్దరు పెద్దలు చెప్పినదానికి రెండు విషయాలు కలపాలనుకుంటున్నాను. రాత్రి టార్చి వేసి చూసినప్పుడు కాయల మీద చిన్నవి, బూడిదరంగువి, నల్లటి వెనుక రెక్కలు ఉన్నవి కూడా చాలా కనిపిస్తాయి. వాటన్నిటినీ దోషులుగా లెక్కించకండి. గట్టి తొక్కను తొలుచుకుని పోగల తొండం కొన్ని జాతులకే ఉంటుంది. మిగిలినవి వాటి వెనుక వచ్చి, అప్పటికే పడిన రంధ్రం నుంచి, మెత్తబడిన మచ్చ నుంచి రసం పీలుస్తాయి. ఆమదం దాసరి పురుగు రెక్కలొచ్చిన తర్వాత ఇలాగే పండ్ల తోటలకు వస్తుంది. చుట్టుపక్కల ఆమదం చేలు ఉంటే ఇవి గుంపులుగా కనిపించి అసలు పురుగును మరుగుపరుస్తాయి. నారింజ రంగు వెనుక రెక్కల పెద్ద పురుగునే మీరు వెతకాలి.

రెండోది పండు ఈగ సంగతి. ఇది కూడా కాయకు సన్నని గాటు పెడుతుంది, అయితే దాని గుడ్లు కాయలోనే ఉంటాయి. రాలిన కాయను కోస్తే కాళ్లు లేని తెల్లని పిల్ల పురుగులు మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. మీరు లోపల ఏమీ లేదని స్పష్టంగా రాశారు గనుక ఇది ఈగ కాదు. కానీ రెక్కల పురుగు గుచ్చి రాలిన కాయను నాలుగైదు రోజులు నేల మీద వదిలేస్తే రకరకాల ఈగలు చేరి అందులో గుడ్లు పెడతాయి. కాబట్టి కోసి చూసేటప్పుడు ఆ తెల్లవారుజామున రాలిన కాయనే తీసుకోవాలి.

కోత దగ్గరపడిన కాయ మీద ఇక మందు చల్లవద్దని కూడా మనవి చేస్తున్నాను. అది పురుగుకు తగలదు, తినేవారికి మాత్రం తగులుతుంది. జపాన్‌లో పండ్ల తోటల్లో రాత్రంతా పసుపు రంగు దీపాలు వెలిగించి ఈ పురుగులను నిలువరిస్తారు. ఆ వెలుతురులో పురుగు కన్ను పగటి స్థితిలోనే ఉండిపోయి, అది ఎగరడం, రసం పీల్చడం మానుకుంటుంది. మన కరెంటు సరఫరాతో నాలుగెకరాలకు అది సాధ్యమా అన్నది మీరే ఆలోచించాలి. ఇంటి వాడకానికి ఉంచుకున్న రెండు మూడు చెట్లకైతే కాయలకు గుడ్డ సంచులు తొడగడమే అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి.

మరొక్క సూచన. మీ కంచె మీద పిల్ల పురుగు దొరికితే చంపే ముందు ఒక్కదాన్ని గాలి ఆడే డబ్బాలో తీగ ఆకులతో పెంచి చూడండి. బయటికి వచ్చిన రెక్కలే మీ సందేహాన్ని పూర్తిగా తీరుస్తాయి.

నాలుగో సందేశం (ఒక గృహిణి, తాడిపత్రి)

అందరికీ నమస్కారం. మాకు తోట లేదు గాని మా పెరటి వేపచెట్టు మీద తిప్పతీగ ఉంది. కరోనా కాలంలో ఎంతోమంది వచ్చి అడిగి కోసుకుని పోయారు, మా అత్తగారు ఇప్పటికీ కషాయం కాచుకుంటారు. ఔషధమని నమ్మి పెంచుకున్న తీగను పీకేయవలసిందేనా?

మొదటి జవాబు రాసినవారి సమాధానం

అమ్మా, పీకవద్దు. ఊరి మధ్య పెరట్లో, రోజూ కళ్ల ముందు ఉండే తీగతో ఏ చిక్కూ లేదు. వానాకాలంలో వారానికి ఒకసారి ఆకులు తిరగేసి చూసి, దొంగ కళ్ల పురుగు కనిపిస్తే ఏరివేయండి. చీనీ, దానిమ్మ తోటల కంచెల మీద ఎవరూ చూడకుండా పెరిగే తీగలే సమస్య. నా ఉద్దేశంలో తోట ఉన్న రైతు కూడా కంచెలన్నీ శుభ్రం చేసి, ఇంటి దగ్గర ఒక్క తిప్పతీగను ఉంచుకోవడం మంచిది. చుట్టుపక్కల వేరే తీగ లేనప్పుడు తల్లి పురుగు దాని మీదే గుడ్లు పెడుతుంది, పిల్లలను ఏరడం తేలిక అవుతుంది. ఆ గుడ్లను ఆశించి నాశనం చేసే అతి చిన్న పరాన్నజీవి కందిరీగలు కూడా ప్రకృతిలో ఉన్నాయి. తీగల మీద విచ్చలవిడిగా మందు కొడితే ముందుగా చచ్చేవి అవే, కాబట్టి తీగను వేరుతో తీసివేయడమో, పురుగును చేతితో ఏరడమో చేయాలి.

అయితే నార్పల రైతు సోదరునికి ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఈ పురుగు బలంగా ఎగరగలదు. మీ కంచె ఎంత శుభ్రంగా ఉన్నా, దగ్గరలో గుట్టలూ వంకలూ ఉంటే అక్కడి తీగల నుంచి వస్తుంది. పాలకొండల అంచున ఉన్న మా వైపు తోటల్లో ఇది ప్రతి యేడూ చూస్తున్నదే. ఒక్క తోట రైతు పని చేస్తే కొంత తగ్గుతుంది. చుట్టూ ఉన్న పది తోటల వారు జూలైలోనే కలిసి చేస్తే తేడా కళ్లకు కనిపిస్తుంది. తీగను కోస్తే చాలదు, వేరు నుంచి మళ్లీ చిగురిస్తుంది. తిప్పతీగ తునక తడి నేల మీద పడినా నాటుకుంటుంది గనుక పెరికిన తీగను ఎండబెట్టి కాల్చాలి.

ప్రశ్న అడిగినవారి తిరుగు సందేశం, ఎనిమిది రోజుల తర్వాత

పెద్దలందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టు ఆ రాత్రే టార్చితో వెళ్లాను. మొదటి గంటలోనే పదకొండు పురుగులు కనిపించాయి. పట్టుకున్న వాటిలో పెద్దవాటి రెక్క విప్పితే నారింజ రంగు, మధ్యలో గుండ్రని నల్లచుక్క ఉన్నాయి. ఆమదం దాసరి రెక్కల పురుగులు కూడా చెల్లెలు చెప్పినట్టే వాటి చుట్టూ మూగి ఉన్నాయి. మా తూర్పు గట్టు అవతల ఆమదం చేను ఉంది.

మరుసటి రోజు పొద్దున కంచె చూడటానికి వెళ్లాను. తొమ్మిదేండ్లుగా రోజూ నడిచే దారి అది. కానుగ చెట్ల మీద తిప్పతీగ ఉందని తెలుసు గాని, వంక వైపు కంపచెట్ల కింద అంత దూసరతీగ పాకి ఉందని ఏనాడూ గమనించలేదు. ఆకు పసరు నీళ్లలో పిండితే గడ్డకట్టింది. ఆకులు తిరగేస్తుంటే నాలుగో చోట నల్లని పురుగు తల ముడిచి, తోక ఎత్తి, నా వైపే చూస్తున్నట్టు కూర్చుని ఉంది. ఆ పూట మొత్తం పంతొమ్మిది దొరికాయి. వాటితో పాటు కుట్టిన ఆకుల మధ్య నాలుగు కోశాలు కూడా దొరికాయి, వాటిలో రెండు అప్పటికే ఖాళీ.

రాలిన కాయలు రోజూ పూడ్చుతున్నాము, సాయంత్రం పొగ పెడుతున్నాము, రాత్రి నేనూ మా అబ్బాయీ వలతో తిరుగుతున్నాము. రాలడం ఆగిపోయిందని చెప్పలేను. రోజుకు రెండు బుట్టలు రాలేవి ఇప్పుడు ఒకటి కంటే తక్కువగా ఉన్నాయి. వంక అవతల తోటల వారు ముగ్గురితో మాట్లాడాను. కోత అయిపోయాక దూసర వేర్లు అందరం కలిసి తవ్వాలని, జూన్ వానల తర్వాత మళ్లీ ఒకసారి చూడాలని అనుకున్నాము.

పంతొమ్మిదిలో ఒక్కదాన్ని మా అబ్బాయి డబ్బాలో వేసి, మూతికి దోమతెర కట్టి, రోజూ తిప్పతీగ ఆకు పెడుతున్నాడు. నిన్న సాయంత్రం అది తినడం మానేసి రెండాకులను దారంతో దగ్గరకు లాక్కుంది. ఈ పొద్దున చూస్తే లోపల ఉంది. డబ్బా మీద కాగితం అంటించి తేదీ రాశాము. రెక్కలు ఎన్నో రోజున వచ్చాయో ఇక్కడే తెలియజేస్తాను.